బెయిలు వచ్చింది, మనిషి రాలేదు

ఈసారి శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు జైలు, బెయిలు, జామీను గురించే. నేను ఒంగోలులోనూ నెల్లూరులోనూ ప్రొబేషన్ ఆఫీసరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు పేదలకు ఉచితంగా న్యాయసాయం చేసే న్యాయసేవాధికార సంస్థ తరఫున పారా లీగల్ వలంటీరుగా, అంటే లాయరు కాకపోయినా చట్టం విషయంలో సాయపడే కార్యకర్తగా ఉన్నాను. బెయిలు వచ్చి కూడా జామీను, అంటే కోర్టులో పూచీ పడే మనిషి, దొరక్క లోపలే ఉండిపోయిన వాళ్ల ఇళ్లకు వెళ్లి, వాళ్ల పరిస్థితి కనుక్కొని రిపోర్టు రాయడం నా పని. అందుకే ఈ ఉత్తరాలన్నీ నాకు పంపారు. రాసినవాళ్ల పేర్లు తీసేశాను.

ప్రశ్న: అమ్మా, మాది పొదిలి దగ్గర పల్లె. నా కొడుకు చీమకుర్తి గ్రానైటు క్వారీలో కూలికి పోతాడు. పొలంలో మోటారు వైరు ఎత్తుకుపోయారని ముగ్గుర్ని పట్టుకున్నారు. వాళ్లలో మావాడొకడు. ఒంగోలు జైల్లో ఉన్నాడు. బెయిలు వచ్చి నెల దాటింది. ఒక్కొక్కరు రూ.20,000కి ఇద్దరు జామీనుదారులు కావాలన్నారంట. మాకు అట్లాంటోళ్లు ఎవరూ లేరు. కోర్టు కాడ ఒకాయన రూ.8,000 ఇస్తే ఇద్దర్ని తెచ్చి నిలబెడతానంటున్నాడు. కమ్మలు అమ్మి ఇచ్చేయమంటారా?
— ఒక తల్లి, పొదిలి

జవాబు: వద్దు తల్లీ. కమ్మలు అమ్మొద్దు, ఆయనకు డబ్బులివ్వొద్దు. అలా డబ్బులకు వచ్చి నిలబడేవాళ్లు ఒకే ఇంటిపన్ను రసీదు పట్టుకొని ఎంతమందికి సంతకాలు పెడుతుంటారో మీకు తెలియదు. తాను ఇంతకు ముందు ఎంతమందికి జామీను ఉన్నాడో జామీనుదారు కోర్టుకు రాసివ్వాలని చట్టంలోనే ఉంది. అది అబద్ధమని తేలితే బెయిలు రద్దు కావచ్చు, మీవాడి మీద ఇంకో కేసు కూడా పడవచ్చు. ఉన్న బంగారం పోయి, బిడ్డ మళ్లీ లోపలికే పోతాడు.

మీవాడి లాంటి వాళ్ల కోసమే సుప్రీంకోర్టు 2023 జనవరి 31న కొన్ని ఆదేశాలిచ్చింది. బెయిలు ఆర్డరు కాపీని కోర్టు ఆ రోజో మర్నాడో మెయిల్లో జైలుకు పంపాలి. వారం రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు ఆ సంగతి జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పాలి. కార్యదర్శి ఎవరినైనా పంపి, ఎందుకు రాలేకపోయాడో కనుక్కోవాలి. అవసరమైతే ప్రొబేషన్ ఆఫీసరు చేతనో పారా లీగల్ వలంటీరు చేతనో అతని ఇంటి పరిస్థితి మీద రిపోర్టు రాయించి, షరతులు తగ్గించమని కోర్టును కోరవచ్చు. నెల దాటినా జామీను ఇవ్వలేకపోతే, ఎవరూ అడగకపోయినా కోర్టు తనంతట తానే షరతు మార్చే విషయం చూడవచ్చు. మీకు ఆ నెల దాటింది కదా.

ఇంకో మాట. జామీనుదారులు ఆ ఊరివాళ్లే, ఆ జిల్లావాళ్లే కావాలని పట్టుబట్టవద్దని కూడా అందులో ఉంది. ఇది కొత్త మాట అనుకునేరు. 1978లోనే మోతీరాం అనే తాపీపనివాడి కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. అతనికి రూ.10,000 జామీను అడిగారు. అన్న జామీనుకు వస్తే, ఆయనా ఆయన ఆస్తీ వేరే జిల్లాలో ఉన్నాయని కాదన్నారు. జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని తప్పుపట్టి మొత్తాన్ని రూ.1,000కి దించారు. కాబట్టి మీ అన్నదమ్ములెవరైనా కనిగిరిలోనో హైదరాబాదులోనో ఉంటే వాళ్లను వదిలేయకండి, పనికొస్తారు.

రేపే ఒంగోలు కోర్టులో ఉన్న న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లండి. కేసు నంబరు తెలియకపోతే స్టేషన్ పేరు, పట్టుకెళ్లిన తేదీ చెప్పండి, వాళ్లే వెతుకుతారు. రేషన్ కార్డు, ఆధార్, క్వారీలో మేస్త్రీ ఫోను నంబరు, మీ ఊళ్లో మీ అబ్బాయి గురించి మంచి చెప్పగల ఒకరిద్దరి పేర్లు పట్టుకెళ్లండి. జైల్లో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు. ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వనక్కర్లేదు. వెళ్లలేకపోతే 15100కి ఫోన్ చేయండి. పూచీ మొత్తం కట్టలేని పేద ఖైదీల కోసం కేంద్ర హోంశాఖ 2023లో పెట్టిన పథకం కూడా ఉంది. ఆ మార్గదర్శకాల ప్రకారం విచారణ ఖైదీకి పూచీ డబ్బు జిల్లా కమిటీ మంజూరు చేయవచ్చు, 2023లో ఆ పరిమితి రూ.40,000. మాదకద్రవ్యాలు, అవినీతి, మనీలాండరింగ్ కేసులకు, ఉపా అనే ఉగ్రవాద నిరోధక చట్టం కేసులకు అది వర్తించదు. మీవాడిది దొంగతనం కేసు కాబట్టి అడగవచ్చు.

మా రిపోర్టులో ఏముంటుందో కూడా చెబుతాను, ఎవరైనా వచ్చి ఇంట్లో ప్రశ్నలు అడిగితే మీరు బెదరకుండా ఉంటారు. ఎన్నేళ్లుగా ఆ ఊళ్లో ఉంటున్నారు, ఇంట్లో ఎంతమంది, ఎవరి సంపాదన మీద నడుస్తోంది, అప్పులెంత, అనారోగ్యాలేమైనా ఉన్నాయా, పాత కేసులున్నాయా, వాయిదా రోజున ఇతన్ని కోర్టుకు తీసుకొచ్చే మనిషి ఎవరు అని అడుగుతాం. నా మటుకు నాకు అన్నిటికన్నా చివరి ప్రశ్నే ముఖ్యం.

ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల మీద కాపలా ఉండే ఒక యానాది కుర్రాడి కేసు చెబుతాను. మేత బస్తాలు పోయాయని అతన్ని రిమాండుకు పంపారు. బెయిలు వచ్చింది కానీ జామీను లేదు. ఆధార్ లేదు, గుడిసెకు నంబరు లేదు, పట్టా మాటే లేదు. కాగితాల్లో వెతికితే అసలు ఆ మనిషే లేడు. నేను వెళ్లి అడిగితే అతని భార్య ఏం చూపించాలో తెలియక, గోడకు తగిలించిన సంచిలోంచి మందుచీటీలు తీసి ఇచ్చింది. వాటి మీద అంగన్‌వాడీ పేరు కనిపిస్తే అక్కడికి వెళ్లాను. టీచరమ్మ రిజిస్టరు తీసింది. మొదటి కాన్పు నుంచి ఆ తల్లి బరువులు, బిడ్డ పుట్టిన తేదీ, ఆ తర్వాత నెలనెలా బిడ్డ తూకం, అన్నీ ఉన్నాయి. గుడ్లు, పాలు తీసుకున్నవాళ్లు సంతకం పెట్టే గడిలో ఎక్కువసార్లు తండ్రి వేలిముద్రే. బొటనవేలి మీద పాత గాటు వల్ల ప్రతి ముద్రలోనూ అడ్డంగా తెల్లటి గీత పడింది. “నెల తప్పకుండా వస్తాడు మేడమ్, ఆమెను ఎండలో పంపడు” అంది టీచరమ్మ. ఆ పేజీల నకళ్లు, ఆమె మాట, పక్క గుంట యజమాని మాట కలిపి రిపోర్టు ఇచ్చాను. కోర్టు జామీను లేకుండా సొంత బాండు మీద వదిలింది. ఆ కుర్రాడు ఇప్పటిదాకా ఒక్క వాయిదా తప్పలేదు.

మీ ఇంట్లో కూడా ఇలాంటిది ఏదో ఒకటి ఉంటుంది తల్లీ. వెతికి పెట్టండి.

ప్రశ్న: మేడమ్, నేను కందుకూరులో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా పిన్ని కూతురు న్యూజెర్సీలో కోర్టులో ప్రీట్రయల్ సర్వీసెస్ ఆఫీసరుగా చేరింది. పోలీసు కాదు, లాయరు కాదు, మరి ఏం చేస్తావంటే నవ్వి ఊరుకుంది. ఆ ఉద్యోగం ఏమిటి? మన దగ్గర ఉందా? నేను చేయాలంటే ఏం చదవాలి?
— ఒక విద్యార్థిని

జవాబు: చాలా సంతోషం అమ్మాయీ. ఈ పని గురించి తెలుసుకోవాలని ఒక చదువుకునే పిల్ల ఉత్తరం రాయడం నాకు ఎంత బాగుందో చెప్పలేను.

మీ అక్కది అరెస్టుకీ తీర్పుకీ మధ్య ఉండే కాలంలో చేసే పని. న్యూజెర్సీలో 2017 జనవరి నుంచి డబ్బు కట్టించుకొని వదిలే పద్ధతిని దాదాపుగా మానేశారు. మనిషిని జైల్లో వేశాక 48 గంటల్లోపు వదలాలా, ఏ షరతుల మీద వదలాలా అని కోర్టు తేల్చాలి. ఆ లోపల ఆఫీసర్లు వయసు, పాత శిక్షలు, గతంలో వాయిదాకు రాకపోవడం లాంటి తొమ్మిది అంశాలు చూసి, వాయిదా ఎగ్గొట్టే ప్రమాదం ఎంత, కొత్త నేరం చేసే ప్రమాదం ఎంత అని ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు వేసి జడ్జికి ఇస్తారు. వదిలాక ఫోన్లో పలకరించడం, ఆఫీసుకు రప్పించడం, కొందరికి కాలికి పరికరం కట్టి గమనించడం కూడా వాళ్లదే. అక్కడి ఫెడరల్ కోర్టుల్లో ఆఫీసరు నిందితుడితో నేరుగా మాట్లాడి, చెప్పినవి నిజమా కాదా అని ఇంటివాళ్లను అడిగి రిపోర్టు రాస్తాడు. నిందితుడు అలా చెప్పిన మాటల్ని నేరం రుజువు చేయడానికి వాడకూడదు. ఈ ఏర్పాటుకు అక్కడ 1982లో ప్రత్యేకంగా చట్టమే చేశారు.

దీనికి మూలం 1961లో న్యూయార్కు మన్‌హటన్‌లో మొదలైన ఒక ప్రయత్నం. లా విద్యార్థులు అరెస్టయిన వాళ్ల దగ్గర కూర్చొని ఎక్కడ ఉంటావు, ఏం పని చేస్తావు, నీ వాళ్లెవరు అని అడిగి, ఊళ్లో వేళ్లున్నవాళ్లను డబ్బు లేకుండా వదలమని సిఫారసు చేశారు. 1979లో బీహారు ఖైదీల కేసులో, అదే హుస్సేనారా ఖాతూన్ కేసులో, జస్టిస్ భగవతి సరిగ్గా ఇవే చూడమన్నారు. ఊళ్లో ఎంతకాలంగా ఉన్నాడు, ఉద్యోగం, కుటుంబం, పేరు, పూచీ పడే పెద్దమనుషులు. అంటే ఇక్కడ చట్టం మాట చెప్పి చాలా ఏళ్లయింది. ఇంటికి వెళ్లి అడిగే మనుషుల్నే తగినంతమందిని పెట్టుకోలేదు.

మన దగ్గర ఆ పేరుతో ఉద్యోగం లేదు, పనిని ముక్కలు ముక్కలుగా కొంతమంది చేస్తున్నారు. ప్రొబేషన్ ఆఫీసరు 1958 చట్టం కింద శిక్షకు ముందు రిపోర్టు రాస్తారు, పిల్లల కేసుల్లో సామాజిక విచారణ చేస్తారు. జిల్లా బాలల సంరక్షణ యూనిట్లలో లీగల్ కమ్ ప్రొబేషన్ ఆఫీసరు ఉంటారు, దానికి లా డిగ్రీ కావాలి. 2022లో వచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పద్ధతిలో లాయర్లు పూర్తికాలం పేద నిందితుల కేసులే చూస్తారు, సొంత ప్రాక్టీసు చేయకూడదు. చీఫ్‌కు కనీసం పదేళ్ల క్రిమినల్ ప్రాక్టీసు ఉండాలి, అసిస్టెంటుగా కొత్తవాళ్లు కూడా చేరవచ్చు. పారా లీగల్ వలంటీరు ఉద్యోగం కాదు, పనిచేసిన రోజులకు గౌరవ వేతనం ఇస్తారు. పని నేర్చుకోవడానికి మాత్రం అంతకన్నా మంచి బడి లేదు.

నీకు రెండు దార్లున్నాయి. లాసెట్ రాసి మూడేళ్ల లా చేయవచ్చు, నెల్లూరులో వీఆర్ లా కాలేజీ ఉంది. లేదా కాకుటూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీలో సోషల్ వర్క్ పీజీ చేయవచ్చు. లా చదివితే కాగితం చదవడం వస్తుంది, సోషల్ వర్క్ చదివితే మనిషిని అడగడం వస్తుంది. నాకు రెండోదే ఎక్కువ పనికొచ్చింది, కానీ నోటిఫికేషన్లు ఎక్కువగా మొదటిదానికే వస్తాయి. ఏది చదివినా సరే, ఈ సెలవుల్లోనే వలంటీరుగా పేరు ఇవ్వు.

అంకెల పద్ధతి గురించి నా అభిప్రాయం కూడా చెబుతాను, మీ అక్కకు ఇది చదివి వినిపించు. పాత కేసులను బట్టి మనిషికి అంకె వేయడం మన జిల్లాల్లో ప్రమాదం. బ్రిటిషు వాళ్లు ఎరుకల వాళ్లను నేరస్థ జాతి అని ముద్రవేసి కావలిలో సెటిల్మెంటు పెట్టి ఉంచారు. ఆ ముద్ర వేసిన నేరస్థ జాతుల చట్టం దేశమంతటా 1952కల్లా రద్దయింది. అయినా ఈనాటికీ ఊళ్లో ఏదైనా పోతే ముందు తలుపు తట్టేది ఎవరి గుడిసెదో నీకు తెలుసు. అలా అనుమానం మీద పడిన కేసులన్నీ పాత చరిత్ర కింద లెక్కవేస్తే, తాతకు వేసిన ముద్రను మనవడికి కూడా వేసినట్టవుతుంది. అందుకే నేను ఇంటికి వెళ్లి చూడటాన్నే నమ్ముతాను. ఆలస్యమైనా సరే, ఎండలో తిరిగినా సరే.

ప్రశ్న: నేను ఉదయగిరి దగ్గర పనిచేసే టీచర్ని. మా పక్కింటి అబ్బాయి కొట్లాట కేసులో ఇరుక్కున్నాడు. జామీను సంతకం పెట్టమని వాళ్ల నాన్న అడుగుతున్నారు. మా ఆవిడ, ఇల్లు పోతుందని ఒకటే టెన్షన్ పడుతోంది. పెట్టవచ్చా?

జవాబు: కోర్టు మీ ఇల్లు రాయించుకోదు సార్. మీ బాధ్యత బాండులో రాసిన మొత్తం వరకే. ఇరవై వేలకు సంతకం పెడితే ఇరవై వేలకే. అబ్బాయి వాయిదాలకు వస్తున్నంత కాలం మీకు ఏ బాధా లేదు.

రాకపోతే ముందు అతనికి వారంటు వస్తుంది. బాండు జప్తు చేస్తే, డబ్బు ఎందుకు కట్టకూడదో చెప్పమని మీకు నోటీసు వస్తుంది. ఆ నోటీసును మాత్రం నిర్లక్ష్యం చేయొద్దు. కోర్టుకు వెళ్లి అతన్ని తీసుకొచ్చే ప్రయత్నం ఏం చేశారో చెబితే కొంత మొత్తం తగ్గించే అధికారం కోర్టుకుంది. నోటీసు పక్కన పడేసి, డబ్బు కట్టక, వసూలూ కాకపోతే సివిల్ జైలు దాకా పోతుంది. అబ్బాయి నడక మీకు నచ్చకపోతే ఎప్పుడైనా నన్ను ఈ పూచీ నుంచి తప్పించండి అని పిటిషన్ పెట్టుకోవచ్చు. అప్పుడతను వేరే జామీను చూసుకోవాలి, లేకపోతే మళ్లీ లోపలికి పోవాలి.

సంతకం పెట్టేముందు ఆ అబ్బాయిని మీ ఇంటికి పిలవండి. వాళ్ల నాన్నతో కాదు, అతనితోనే మాట్లాడండి. వాయిదా తేదీలు మీ ఇంటి క్యాలెండర్లో అతని చేతే రాయించండి. మీ ఆవిడ ఎదురుగానే రాయించండి. చదువుకున్నవాళ్లు, ఉద్యోగస్తులు జామీనుకు వెనకాడటం వల్లే కోర్టు దగ్గర ఆ అద్దె జామీనుల బేరం నడుస్తోంది. మీకు ఆ కుటుంబం మీద నమ్మకముంటే పెట్టండి, అది చాలా పెద్ద సాయం.

ప్రశ్న: కావలి మాది. నేను బెంగుళూరులో బేకరీలో పని చేస్తున్నాను. బెయిలిస్తూ ప్రతి ఆదివారం స్టేషన్‌కు వచ్చి సంతకం పెట్టమన్నారు. ఆదివారమే మాకు గిరాకీ. ఓనరు మానేయమంటున్నాడు. పైగా స్టేషన్‌లో ఫోన్ లొకేషన్ ఎప్పుడూ షేర్ చేసి ఉంచమంటున్నారు.

జవాబు: సంతకాలు మాత్రం మానొద్దు నాయనా. మానితే బెయిలే పోతుంది. బెయిలిచ్చిన కోర్టులోనే షరతు సడలించమని పిటిషన్ వేయించండి. ఓనరు చేత పని గురించి ఒక ఉత్తరం, ఇప్పటిదాకా పెట్టిన సంతకాల వివరం జత చేయించండి. రోజు మార్చమనో, నెలకోసారి చేయమనో అడగవచ్చు. ఛార్జిషీటు పడ్డాక కోర్టులు సాధారణంగా ఒప్పుకుంటాయి. లొకేషన్ సంగతి మీ బెయిలు ఆర్డరులో ఉందేమో ముందు లాయరుతో చూపించుకోండి. లేకపోతే స్టేషన్ వాళ్లు సొంతంగా షరతు కలపడానికి లేదు. ఉన్నా సరే, బెయిలు మీద ఉన్న మనిషి కదలికలు పోలీసులకు నిరంతరం కనిపించేలా షరతు పెట్టకూడదని సుప్రీంకోర్టు 2024 జూలైలో ఫ్రాంక్ వైటస్ కేసులో చెప్పింది. ఆ తీర్పు పేరు మీ లాయరుకు చెప్పండి.

ప్రశ్న: నేను దర్శి రైతును. నా బోరు మోటారు వైరు రెండుసార్లు కోసుకుపోయారు. ఒక పంట ఎండిపోయింది. పట్టుకున్న వాళ్లు నెల తిరగకుండా బయటికొచ్చి టీ బంకు దగ్గర నా ముందే కూర్చుంటున్నారు. మీరేమో వాళ్లిళ్లకు వెళ్లి రిపోర్టులు రాస్తారు. మా ఇంటికి ఎవరొస్తారు?

జవాబు: అన్నా, మీ కోపం న్యాయం. మీ ఇంటికి ఎవరూ రావడం లేదన్న మాటా నిజం. దాన్ని నేను కాదనను. రాగి వైరు కోసుకుపోతే పోయేది వైరు ఒక్కటే కాదనీ, మళ్లీ కొని బిగించేలోపు పైరు పోతుందనీ నాకు తెలుసు.

కానీ పట్టుబడినవాడే దొంగ అని తేల్చాల్సింది కోర్టు. 2022 చివర్లో దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే వాళ్లలో 4,34,302 మంది ఇంకా విచారణలో ఉన్నవాళ్లే. వాళ్లందరినీ ఉంచేసినా మీ కేసు విచారణ ఒక్క రోజు కూడా ముందుకు జరగదు. లోపల ఎవరు మిగులుతున్నారో కూడా చూడండి. ముఠా నడిపేవాడికి జామీను గంటలో వస్తుంది. వైరు మోసిన కూలివాడు ఉండిపోతాడు. మీ టీ బంకు దగ్గర కూర్చున్నది ఆ మొదటివాడే కావచ్చు. నేను రిపోర్టు రాసేది రెండోవాడి గురించి.

వైరు పోయినవాడిగా మీకున్న హక్కులు వాడుకోండి. బెయిలు దశలో కూడా బాధితుడి మాట వినాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మనుషులు బెదిరిస్తే తేదీ, చోటు, చూసినవాళ్ల పేర్లు రాసి స్టేషన్లో ఇవ్వండి, నకలు మీద రసీదు తీసుకోండి. దాని ఆధారంగా బెయిలు రద్దు కోరవచ్చు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల కేసుల్లోనైతే బెయిలు విచారణ గురించి బాధితులకు ముందే తెలియజేయాలని 2015 సవరణలో పెట్టారు. 1985లో దళితుల ఊచకోత జరిగిన కారంచేడు అప్పటి మన ప్రకాశం జిల్లాలోదే, ఆ ఊరు ఇప్పుడు బాపట్లలో ఉంది. బాధితులు వేలు చూపించిన మనిషి మర్నాడే ఊళ్లో తిరిగితే ఎలా ఉంటుందో మన వైపు వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకే బెదిరింపు ఉన్న చోట నా రిపోర్టులో ఆ సంగతి దాచను. ఇంటి పరిస్థితి ఎంత దీనంగా ఉన్నా సరే, ఫిర్యాదు చేసినవాళ్లను అడిగి వాళ్ల భయం కూడా రాస్తాను. మీ కేసులో రిపోర్టు రాయడానికి ఎవరైనా వస్తే మీ మాట కూడా రాయమని అడగండి.

ప్రశ్న: ఆత్మకూరు దగ్గర మా ఊరు. మా తమ్ముడు బైకు దొంగతనం కేసులో సబ్‌జైల్లో ఉన్నాడు. వాడికి పదిహేడే. కాగితంలో పంతొమ్మిది అని రాశారు. వాణ్ణి నేనే పెంచాను. మొదట చెప్పలేదు కాబట్టి ఇప్పుడు చెల్లదంటున్నారు.
— ఒక అక్క

జవాబు: చెల్లుతుందమ్మా. మైనరు అన్న మాట ఏ దశలోనైనా, తీర్పు వచ్చాక కూడా చెప్పవచ్చు. పద్దెనిమిది నిండని పిల్లవాణ్ణి లాకప్పులో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. బాలల న్యాయమండలి ముందుకు తీసుకెళ్లాలి. అక్కడ బెయిలు పద్ధతే వేరు. నేరం బెయిలు ఇవ్వదగినదా కాదా అన్నదానితో పని లేకుండా, జామీనుతో గానీ జామీను లేకుండా గానీ, ప్రొబేషన్ ఆఫీసరు పర్యవేక్షణలో గానీ వదలమని చట్టం చెబుతుంది. వదిలితే నేరస్థుల సావాసంలో పడతాడనుకుంటేనో, పిల్లవాడికే ప్రమాదమనుకుంటేనో, వదిలితే న్యాయం దెబ్బతింటుందనుకుంటేనో తప్ప కాదనకూడదు.

వయసుకు మొదట చూసేది స్కూలు సర్టిఫికెట్టు లేదా పదో తరగతి సర్టిఫికెట్టు. అది లేకపోతే పంచాయతీ లేదా మునిసిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. ఆ రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష. కాబట్టి ఎముకల పరీక్షకు ఒప్పుకోమని ఎవరన్నా తొందరపడకండి. ఆ పరీక్షలో ఏడాది రెండేళ్లు అటూఇటూ కావచ్చు, మీ తమ్ముడికి ఆ తేడాయే ముఖ్యం. వాడు మొదట ఒకటో తరగతిలో చేరిన బడికి వెళ్లి, హెడ్మాస్టర్ని అడిగి అడ్మిషన్ రిజిస్టరు నకలు సంతకం, సీలుతో తీసుకోండి. బడి మూసేసి ఉంటే మండల విద్యాశాఖాధికారి ఆఫీసులో రికార్డులు ఎక్కడికి పంపారో చెబుతారు. ఆ నకలు తీసుకొని ఆత్మకూరు కోర్టులో మండల న్యాయసేవాధికార సంఘానికి వెళ్లండి. తమ్ముడు మైనరని రాసి ఒక అర్జీ ఇవ్వండి, వాడికి ఉచితంగా లాయరును పెట్టమనండి. సోమవారం దాకా ఆగకండి, సెలవు రోజైతే 15100కి ఫోన్ చేసి తమ్ముడి పేరు, జైలు పేరు చెప్పి ఉంచండి.